ఎర్రర్ చెప్పే తీరు: నీటిమట్టం లాగర్‌ను తిరగరాసిన డైరీ

మా అపార్ట్‌మెంట్ పైట్యాంకులో నీటిమట్టాన్ని నిమిషానికోసారి రాసి ఉంచే లాగర్ రెండుసార్లు ఆగిపోయింది. మొదటిసారి 5 రోజులు, రెండోసారి 3 రోజులు. రోజుకు 1,440 రీడింగ్‌ల చొప్పున మొత్తం 11,520 పోయాయి. ట్యాంకర్ల ఖర్చు తేల్చడానికి కమిటీవాళ్ళు అడిగింది సరిగ్గా ఆ రోజుల లెక్కే.

సెన్సర్ బిగింపు, వైరింగ్, డబ్బా సంగతులు ఇక్కడ రాయను. అవి మొదటినుంచీ బాగానే ఉన్నాయి. డిస్కు మీద రాత కుదరనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఆ మాట ప్రోగ్రామ్‌కు ఎలా చెబుతుంది, అది ఎక్కడ జారిపోతుంది, ఎలా చెబితే జారకుండా ఉంటుంది అన్నదే ఈ డైరీ. ఇలాంటిది మీరు చేస్తుంటే నేను చేసిన తప్పులు మళ్ళీ చెయ్యనక్కర్లేదు.

సామాను: చిన్న లైనక్స్ బోర్డు, 16 జీబీ ఎస్‌డీ కార్డు, అందులో రీడింగ్‌ల కోసం విడిగా 1 జీబీ పార్టిషన్ (ఫైళ్ళను అమర్చే పద్ధతి లైనక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4), సీ భాషలో 400 వరుసల ప్రోగ్రామ్. పరీక్షలన్నీ ఇంట్లో లైనక్స్ ల్యాప్‌టాప్ మీద.

మెట్టు 1: 28 అంటే స్థలం లేదనా?

మొదటి వెర్షన్‌లో ఒక్కో రీడింగ్‌కు ఒక్కో చిన్న ఫైల్ రాసేవాణ్ణి. సగం రాసిన ఫైల్ మిగిలిపోకూడదని తాత్కాలిక పేరుతో రాసి, తరవాత పేరు మార్చేవాణ్ణి. 45 రోజులు బాగా నడిచింది. తరవాత ఫైల్ తెరవడం దగ్గరే ఎర్రర్ 28 మొదలైంది. దాని పేరు ఈనోస్పేస్. దాని వెంట వచ్చే వాక్యం ‘పరికరంలో స్థలం లేదు’ అని.

డిస్కు ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్‌తో చూస్తే పార్టిషన్ 29 శాతమే నిండింది. స్థలం ఉంది, సిస్టమ్ మాత్రం లేదంటోంది. కార్డు పాడైందని తేల్చుకుని 450 రూపాయలు పెట్టి కొత్తది తెచ్చాను. వెంటనే పనిచేసింది. దాంతో నా అనుమానం నిజమేనని గట్టిగా నమ్మాను. మళ్ళీ సరిగ్గా 45 రోజులకు అదే 28.

రెండుసార్లూ అదే గడువు కాబట్టి లెక్క వేశాను. 1 జీబీ పార్టిషన్‌ను మామూలు సెట్టింగులతో ఫార్మాట్ చేస్తే 16,384 బైట్లకు ఒక ఐనోడ్ చొప్పున 65,536 ఐనోడ్‌లు వస్తాయి. ఐనోడ్ అంటే ఫైల్ వివరాలు రాసుకునే గడి, ప్రతి ఫైల్‌కూ ఒకటి కావాలి. 65,536ను 1,440తో భాగిస్తే 45.5 రోజులు. అయిపోయింది స్థలం కాదు, ఐనోడ్‌లు. కొత్త కార్డులో ఐనోడ్‌లన్నీ ఖాళీ, అందుకే అది పనిచేసింది.

మీకు 28 వస్తే కార్డు మార్చే ముందు:

1. డీఎఫ్‌తో ఖాళీ బ్లాకులు చూడండి.
2. డీఎఫ్‌కు ఐ అనే ఆప్షన్ ఇచ్చి ఖాళీ ఐనోడ్‌లు చూడండి.
3. రెండూ ఖాళీగానే ఉంటే, ఆ 28 ఏ సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడిగే పిలుపు) నుంచి వచ్చిందో చూడండి.

మూడోది ఎందుకంటే, ఫైళ్ళలో మార్పులు కనిపెట్టే ఐనోటిఫైలో కాపలాల పరిమితి దాటినా లైనక్స్ ఇదే 28 ఇస్తుంది. అక్కడ డిస్కుకు సంబంధమే లేదు. బ్లాకులు అయిపోయినా, ఐనోడ్‌లు అయిపోయినా, కాపలాలు అయిపోయినా ఒకటే నంబరు, ఒకటే వాక్యం. ఒక్కోదానికి మందు మాత్రం వేరు. రోగం పేరు చెప్పకుండా ‘ఒంట్లో బాలేదు’ అన్నట్టుగా ఉంది. ఏ వనరు అయిపోయిందో ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్‌కు ఆ క్షణంలో తెలుసు. ఆ ముక్క నాదాకా రావడానికి దారి లేదు, అంతే.

మార్పు: నిమిషానికో ఫైల్ తీసేసి, రోజుకో ఫైల్ పెట్టి అందులో వరుస కింద వరుస చేర్చడం.

ఇప్పటిదాకా: 4 గంటలు, 450 రూపాయలు, దొరికిన లోపాలు 1.

మెట్టు 2: 97 వరుసల ‘రాశాను’

రోజుకో ఫైల్ పద్ధతిలో పొద్దున ఫైల్ తెరిచి రాత్రి మూసేవాణ్ణి. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో రాత, ఎఫ్‌క్లోజ్‌తో మూత. ఈసారి బోర్డుకు ఎక్కించకముందే డిస్కు నిండితే ఏమవుతుందో చూడాలనుకున్నాను. దీనికి నిజంగా డిస్కు నింపనక్కర్లేదు. లైనక్స్‌లో /డెవ్/ఫుల్ అని ఒక పరికరం ఉంది, దానిమీద ఏది రాసినా 28 వస్తుంది. ఈ పరీక్షకు అయిదు నిమిషాలు చాలు. జనవరిలోనే చేసి ఉండాల్సింది.

1. రోజు ఫైల్ పేరు స్థానంలో /డెవ్/ఫుల్ ఇచ్చాను.
2. 300 వరుసలు రాయించాను. ఒక్కో వరుస 42 బైట్లు.
3. ప్రతి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ తిరిగిచ్చిన విలువను తెరమీద వేయించాను.

ఒకటో వరుస నుంచి 97వ వరుస దాకా ‘42 బైట్లు రాశాను’ అనే జవాబు వచ్చింది. 98వ వరుస దగ్గర మొదటిసారి ఎర్రర్. కారణం రాతను తాత్కాలికంగా మెమరీలో దాచుకునే 4,096 బైట్ల బఫర్. అది నిండేదాకా సీ లైబ్రరీ కెర్నెల్‌ను అడగనే అడగదు. 42ను 97తో గుణిస్తే 4,074, ఇంకో వరుసకు చోటు లేదు. అంటే గంటన్నర పైన 97 నిమిషాల రీడింగ్‌లు నేను రాసేశాననుకుంటున్నాను, అవి మెమరీ దాటి బయటికే పోలేదు.

వరుసలు తగ్గించి 50తో ఆపి చూస్తే ఎర్రర్ ఒక్క ఎఫ్‌క్లోజ్ దగ్గరే వచ్చింది. నా కోడ్‌లో ఎఫ్‌క్లోజ్ జవాబు చూసే వరుసే లేదు. చూసేవాళ్ళు తక్కువే. మూసేటప్పుడు ఏం తప్పు జరుగుతుందిలే అనుకుంటాం. కానీ బఫర్ ఉన్నచోట మూతే అసలైన రాత. ఎన్ఎఫ్ఎస్ లాంటి నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌లలో కెర్నెల్ క్లోజ్ కాల్ కూడా అంతే, సర్వర్‌లో చోటు లేదన్న సంగతి అప్పుడు బయటపడొచ్చు.

లైనక్స్‌లో రోజూ వాడే చిన్న కమాండ్ల కట్ట అయిన గ్నూ కోర్‌యుటిల్స్‌లోని పనిముట్లు దీన్ని పద్ధతిగా చేస్తాయి. ముగిసే ముందు తమ అవుట్‌పుట్‌ను మూసి, ఆ మూత కుదరకపోతే ఫెయిల్ అయ్యామని చెప్పి బయటికొస్తాయి. ఎల్ఎస్ కమాండ్ అవుట్‌పుట్‌ను /డెవ్/ఫుల్‌లోకి పంపితే వెంటనే ఎర్రర్ కనిపించేది ఆ జాగ్రత్త వల్లే.

మార్పులు:

1. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్, ఎఫ్‌క్లోజ్‌లు ఉండే స్టాండర్డ్ ఐఓ లైబ్రరీ తీసేసి నేరుగా రైట్ సిస్టమ్ కాల్.
2. ప్రతి వరుస తరవాత ఎఫ్‌సింక్ (రాసింది డిస్కు మీదికి చేరేదాకా ఆగే కాల్).
3. కొత్త రోజు ఫైల్ పుట్టిన వెంటనే దాని ఫోల్డర్‌కూ ఎఫ్‌సింక్. లేకపోతే కరెంటు పోయినప్పుడు ఫైల్ పేరే పోవచ్చు.

ఎఫ్‌సింక్ ఖర్చు కొలిచాను. బోర్డు మీద 1,000 రాతలకు సగటు 38 మిల్లీసెకన్లు, అన్నిటికంటే నెమ్మదైనది 410 మిల్లీసెకన్లు. నిమిషానికి ఒకటే కాబట్టి నాకు ఇబ్బంది లేదు. సెకనుకు వంద రాసేవాళ్ళు ఇలా చెయ్యలేరు, గుంపుగా రాసి గుంపుకొక ఎఫ్‌సింక్ పెట్టుకోవాలి.

ఇప్పటిదాకా: 9 గంటలు, 450 రూపాయలు, పరీక్షలు 4, దొరికిన లోపాలు 3.

మెట్టు 3: లాగ్‌లో 25 ఎక్కడిది?

మళ్ళీ /డెవ్/ఫుల్ పరీక్ష. ఈసారి మొదటి వరుస దగ్గరే ఎర్రర్ వచ్చింది, బాగుంది. కానీ లాగ్‌లో పడింది 28 కాదు, 25. దాని అర్థం ‘ఈ పరికరానికి తగని ఐఓకంట్రోల్’. పాత యూనిక్స్‌లలో ఇదే నంబరుకు ‘ఇది టైప్‌రైటర్ కాదు’ అని వచ్చేది. నేను ఐఓకంట్రోల్ (పరికరానికి ప్రత్యేక ఆదేశమిచ్చే కాల్) ఏదీ చెయ్యలేదు. రెండు గంటలు, సెన్సర్ తగిలించిన సీరియల్ పోర్టు కోడ్‌లో వెతికాను. తప్పు అక్కడ లేదు.

ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ను చూపించే స్ట్రేస్‌తో చూస్తే వరుసక్రమం తేటగా కనిపించింది:

1. రైట్ కాల్, జవాబు 28.
2. నా లాగ్ ఫంక్షన్ మొదలైంది. ఎర్రర్‌ను ఎరుపు రంగులో వెయ్యాలా వద్దా తేల్చుకోవడానికి ‘అవుట్‌పుట్ టెర్మినలేనా?’ అని ఐసాట్టీతో అడిగింది.
3. అవుట్‌పుట్ ఫైల్‌లోకి పోతోంది కాబట్టి జవాబు ‘కాదు’. ఆ కాదు అనడంలోనే 25 పడింది.
4. నేను ఎర్‌నో (చివరి ఎర్రర్ నంబరు ఉండే వేరియబుల్) చదివాను. అందులో 25 ఉంది.

ఎర్‌నో ఒకటే పలక. తరవాత వచ్చినవాళ్ళు ముందరివాళ్ళ రాత చెరిపి తమది రాసిపోతారు. ఇప్పుడు థ్రెడ్‌కొక (ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే ఒక్కో పనికొక) పలక ఉంది కాబట్టి పక్క థ్రెడ్ చెరపదు. కానీ అదే థ్రెడ్‌లో మధ్యలో పిలిచిన ఏ ఫంక్షన్ అయినా చెరపగలదు. పైగా పని సవ్యంగా జరిగితే పలక తుడిచే ఆచారం లేదు కాబట్టి పాత నంబరు అలాగే ఉండిపోతుంది. అందువల్ల ముందు కాల్ జవాబు చూడాలి, అది ఎర్రర్ అన్నాకే పలక చూడాలి.

లైనక్స్ కెర్నెల్ ఇలా చెప్పదు. ఈ సంగతి తెలిశాక నా ఆలోచనే మారింది. ఎక్స్86, ఆర్మ్ లాంటి ప్రాసెసర్ల మీద కెర్నెల్ ఒకే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న గడి) ఒకే విలువ తిరిగిస్తుంది. అది −1 నుంచి −4,095 లోపు ఉంటే ఎర్రర్, గుర్తు తీసేస్తే అదే ఎర్రర్ నంబరు. −28 అంటే జవాబూ కారణమూ ఒకే చోట, ఒకే సమయంలో. సీ లైబ్రరీ దాన్ని విడదీసి, జవాబుగా −1 మన చేతికిచ్చి, కారణాన్ని పలక మీద రాస్తుంది. కలిసి వచ్చిన రెండు ముక్కలను విడదీసిన చోటే నా 28 పోయింది. యూనిక్స్ నుంచి వచ్చిన అలవాటు అది, లక్షల ప్రోగ్రామ్‌లు దానిమీదే నిలబడ్డాయి, ఇప్పుడు మార్చలేరు. కానీ కొత్తగా ఇంటర్‌ఫేస్ రాసేవాళ్ళు ఎవరైనా సరే, నాలాంటి చిన్న లైబ్రరీ రాసేవాళ్ళయినా, ఈ విడదీత చెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం.

మార్పు: రైట్, రీడ్, ఎఫ్‌సింక్, క్లోజ్, ఓపెన్ అయిదింటికీ తొడుగులు, అంటే వాటిని పిలిచే చిన్న ఫంక్షన్లు, రాశాను. కాల్ ముగిసిన మరుక్షణం, ఇంకేదీ పిలవకముందే, పలక చదివి మైనస్ నంబరుగా తిరిగిస్తాయి. మిగతా కోడ్‌లో ఎర్‌నో అన్న మాటే లేదు. వెతికి చూశాను, 31 చోట్ల ఉండేది, ఇప్పుడు 5 చోట్ల.

ఇప్పటిదాకా: 12 గంటలు, 450 రూపాయలు, పరీక్షలు 6, దొరికిన లోపాలు 4.

మెట్టు 4: మళ్ళీ అడగొచ్చా?

నంబరు సరిగ్గా వచ్చింది. ఇప్పుడు దాన్ని ఏం చెయ్యాలి? బోర్డులో వాచ్‌డాగ్ టైమర్ (ప్రోగ్రామ్ ఆగిపోలేదు కదా అని చూసేది) సిగ్నల్ పంపినప్పుడల్లా సీరియల్ పోర్టు రీడ్ మధ్యలో తెగి 4 ఇచ్చేది. అంటే అంతరాయం, మళ్ళీ అడగమని. అందుకే ‘4 వస్తే తిరిగి చెయ్యి’ అనే నియమం పెట్టి అయిదు తొడుగుల్లోనూ ఒకే లూప్ రాశాను. తప్పు అదే. రీడ్‌కు సరిపోయిన నియమం క్లోజ్‌కు సరిపోదు.

లైనక్స్‌లో క్లోజ్ 4 ఇచ్చినా ఫైల్ నంబరు (తెరిచిన ఫైల్‌కు కెర్నెల్ ఇచ్చే గుర్తు, ఎర్రర్ నంబరు కాదు) అప్పటికే విడుదలై ఉంటుంది. హెచ్‌పీ వాళ్ళ యూనిక్స్ అయిన హెచ్‌పీ-యూఎక్స్‌లో అలా కాదు, ఇంకా తెరిచే ఉంటుంది, మళ్ళీ మూయాలి. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి నియమావళి, 2008 నాటి పోసిక్స్ ప్రమాణం, అప్పుడు ఫైల్ నంబరు ఏ స్థితిలో ఉంటుందో తేల్చకుండా వదిలేసింది. ఒకే ఎర్రర్, ఒకే నంబరు, ఒకచోట మళ్ళీ చెయ్యకపోతే తప్పు, ఇంకోచోట చేస్తే తప్పు.

నా బోర్డు మీద క్లోజ్‌కు 4 దానంతటది ఎప్పుడూ రాలేదు. కావాలనే తెప్పించి చూద్దామని స్ట్రేస్‌లోని ఇంజెక్ట్ వాడాను. ఏ కాల్‌కు, ఎన్నోసారికి, ఏ ఎర్రర్ కావాలంటే అది ఇప్పించవచ్చు. పరీక్ష పాసైంది. అనుమానం తీరక మళ్ళీ మళ్ళీ చేశాను, పాస్ అవుతూనే ఉంది. చివరికి తెలిసిందేమిటంటే, స్ట్రేస్ ఎర్రర్ చొప్పించినప్పుడు అసలు కాల్ జరగనే జరగదు. క్లోజ్ నిజంగా జరగలేదు కాబట్టి నంబరు తెరిచే ఉంది, రెండోసారి మూస్తే చక్కగా మూసుకుంది. నిజమైన కెర్నెల్ చేసేదానికి సరిగ్గా వ్యతిరేకం.

సరైన పరీక్ష ఇలా కుదిరింది:

1. ఎల్‌డీ ప్రీలోడ్‌తో (ప్రోగ్రామ్ పిలుపును మధ్యలో అందుకునే ఏర్పాటు) నడిచే చిన్న లైబ్రరీ రాశాను. అది అసలు క్లోజ్‌ను పిలిచి, మూశాక, 4 వచ్చిందని చెబుతుంది.
2. ఒక థ్రెడ్ రోజు ఫైల్ మూస్తూ ఉంటుంది, ఇంకో థ్రెడ్ సీరియల్ పోర్టు తెరుస్తూ ఉంటుంది.
3. రెండూ వందసార్లు.

17వ సారి పట్టుబడింది. రోజు ఫైల్ నంబరు 5. మొదటి క్లోజ్‌తో 5 విడుదలైంది. సరిగ్గా ఆ సందులో పక్క థ్రెడ్ సీరియల్ పోర్టు తెరిస్తే కెర్నెల్ దానికి అదే 5 ఇచ్చింది. నా లూప్ రెండోసారి 5ను మూసింది. పోయింది సీరియల్ పోర్టు. ఆ తరవాత సెన్సర్ రీడ్‌లన్నీ 9 ఇచ్చాయి, అంటే చెల్లని ఫైల్ నంబరు. ఇది బోర్డులో రెండు నెలలకోసారి జరిగి ఉంటే సెన్సర్ మార్చేసేవాణ్ణి, అంతేతప్ప క్లోజ్‌ను అనుమానించేవాణ్ణి కాదు.

రైట్‌కు ఇంకో మెలిక ఉంది. ఎర్రర్ కాకుండా, అడిగినదానికంటే తక్కువ బైట్లు రాసి రావచ్చు. 42 అడిగితే 20 రాశానంటుంది. మిగతా 22 కోసం మళ్ళీ పిలిచినప్పుడు గానీ అసలు కారణం తెలియదు. నా పాత కోడ్ ‘సున్నాకంటే ఎక్కువ వస్తే చాలు’ అనుకునేది.

మార్పు: నియమం నంబరు మీద కాదు, కాల్‌నూ నంబరునూ కలిపి. నాలుగు తరగతులు పెట్టుకున్నాను.

1. మళ్ళీ అడగొచ్చు: రీడ్, రైట్, ఓపెన్‌లకు 4, రీడ్, రైట్‌లకు ‘ఇప్పుడు కుదరదు, మళ్ళీ అడుగు’ అనే 11.
2. ముందు ఎవరో బాగుచెయ్యాలి: 28, కోటా దాటిన 122, చదవడానికే అన్న 30, అనుమతి లేని 13.
3. నమ్మకం పోయింది: ఎఫ్‌సింక్, క్లోజ్‌ల నుంచి వచ్చే 5 (దీని సంగతి కింద).
4. నా కోడ్‌లో తప్పు: చెల్లని ఫైల్ నంబరు 9, చెల్లని మెమరీ చిరునామా 14, చెల్లని విలువ 22. వెంటనే ఆగిపోవాలి, లూప్ తిరగకూడదు.

ఇప్పటిదాకా: 20 గంటలు, 450 రూపాయలు, పరీక్షలు 15, దొరికిన లోపాలు 6.

మెట్టు 5: రెండోసారి అడిగితే ‘అంతా బాగుంది’

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది, ఎక్కువ టెన్షన్ పెట్టింది ఈ మెట్టే.

ఎఫ్‌సింక్ 5 ఇస్తే, అంటే డిస్కు ఐఓ ఎర్రర్ వస్తే, మూడుసార్లు ప్రయత్నించేలా రాశాను. సహజంగా అందరికీ తోచేది అదే. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ళకు ఇదే విషయం మీద పెద్ద చర్చ నడిచింది. ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్ళీ ప్రయత్నించడం వాళ్ళ కోడ్‌లోనూ ఉండేది, 2019లో మార్చారు. అప్పటినుంచి మామూలు సెట్టింగ్‌లో ఎఫ్‌సింక్ ఫెయిలైతే డేటాబేస్ కావాలనే కూలిపోయి, ముందే రాసుకున్న తన లాగ్ నుంచి మళ్ళీ కోలుకుంటుంది. ఎందుకంత కఠినమో నా కళ్ళతో చూడాలనుకున్నాను.

1. ల్యాప్‌టాప్‌లో 200 ఎంబీ ఫైల్‌ను లూప్ పరికరంగా (డిస్కులా నటించే ఫైల్) మార్చి, దానిమీద డీఎంసెటప్‌తో (ఏ ముక్క ఎక్కడికి పోవాలో టేబుల్‌తో చెప్పే కమాండ్) మామూలు లీనియర్ పరికరం కట్టాను. దాన్ని 4,096 బైట్ల బ్లాకులతో ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేశాను.
2. అందులో 1 ఎంబీ ఫైల్ నిండా సున్నాలు రాసి సింక్ చేశాను.
3. ఫైల్‌ఫ్రాగ్‌తో ఆ ఫైల్ ఏ బ్లాకుల్లో ఉందో చూశాను.
4. ఆ ఒక్క ముక్క మాత్రం ఎప్పుడూ ఎర్రర్ ఇచ్చేలా టేబుల్ మార్చి ఎక్కించాను. మిగతా అంతా మామూలే. జర్నల్ (ఫైల్ సిస్టమ్ తన మార్పులను ముందుగా రాసుకునే చోటు) కూడా చెడితే ఫైల్ సిస్టమే చదవడానికి మాత్రమే అయిపోతుంది, అప్పుడు మనం చూడాలనుకున్నది కనిపించదు.
5. ఫైల్ మొదట్లో 4,096 బైట్ల కొత్త డేటా రాసి, ఎఫ్‌సింక్.
6. అదే ఫైల్ నంబరు మీద మళ్ళీ ఎఫ్‌సింక్.

నాలుగో అంకె దగ్గర రెండు గంటలు పోయాయి. ఫైల్‌ఫ్రాగ్ చూపేది 4,096 బైట్ల బ్లాకుల్లో, డీఎంసెటప్ టేబుల్‌కు కావాల్సింది 512 బైట్ల సెక్టార్లలో. 8తో గుణించడం మరిచాను. ఎర్రర్ ముక్క వేరే ఎక్కడో పడి, రాతలన్నీ హాయిగా జరిగిపోతున్నాయి. 1 ఎంబీ అంటే 2,048 సెక్టార్లు, ఇది గుర్తుంచుకోండి.

సరిచేశాక ఫలితం:

రైట్: 4,096 బైట్లు రాశాను.
మొదటి ఎఫ్‌సింక్: 5.
రెండో ఎఫ్‌సింక్: 0, అంటే సక్సెస్.

టేబుల్‌ను మళ్ళీ మామూలుగా చేసి, కాష్ (మెమరీలో ఉంచిన ఫైల్ నకలు) ఖాళీ చేయించి ఫైల్ చదివాను. అన్నీ సున్నాలే. కొత్త డేటా డిస్కు మీద ఎక్కడా లేదు. నా పాత కోడ్ రెండో ప్రయత్నంలో సక్సెస్ చూసి, ఆ వరుసను మెమరీలోంచి తీసేసి ముందుకు పోయేది.

కాష్ ఖాళీ చెయ్యకముందు చదివితే మాత్రం కొత్త డేటానే కనిపిస్తుంది. దీంతో ఇంకా మోసపోతాం.

జరిగేది ఇది. డిస్కుకు పంపడం విఫలమైనా ఈఎక్స్‌టీ4 మెమరీలోని ఆ ముక్కను, అంటే పేజీని, ‘రాయాల్సినది’ అనే జాబితాలోంచి తీసేస్తుంది. పాడైన డిస్కుకు ఎప్పటికీ పంపుతూ కూర్చుంటే మెమరీ అంతా అలాంటి పేజీలతో నిండిపోతుంది కదా. రెండో ఎఫ్‌సింక్‌కు పంపాల్సింది ఏమీ లేదు, అందుకని సక్సెస్. అది అబద్ధం కాదు. ‘పోయినసారి చెప్పిన తరవాత కొత్త ఎర్రర్ లేదు’ అని దాని అర్థం. మనం వినేది ‘నీ డేటా భద్రం’ అని.

2017లో వచ్చిన లైనక్స్ 4.13కు ముందు ఇంకా ఘోరం. ఎర్రర్ గుర్తు ఫైల్‌కు ఒకటే ఉండేది, ముందు అడిగినవాళ్ళు దాన్ని చెరిపేసేవాళ్ళు. వేరే ప్రోగ్రామ్ ఎఫ్‌సింక్ చేస్తే మనకు రావాల్సిన ఎర్రర్ దానికి పోయేది. 4.13 నుంచి, ఎర్రర్ సమయానికి ఆ ఫైల్‌ను తెరిచి ఉంచిన ప్రతి ఒక్కరికీ ఒక్కొక్కసారి తప్పకుండా చెబుతుంది. చాలా పెద్ద మెరుగు. కానీ ఒక్కసారే. ఆ ఒక్కసారి చెవిన పడకపోతే అంతే.

మార్పులు:

1. ఎఫ్‌సింక్ ఫెయిలైతే మళ్ళీ ప్రయత్నం లేదు.
2. ఎఫ్‌సింక్ సక్సెస్ అయ్యేదాకా వరుసలు ప్రోగ్రామ్ సొంత మెమరీలో ఉంటాయి.
3. ఫెయిలైతే ఆ వరుసలు వేరే పరికరం మీదికి, బోర్డుకు గుచ్చిన పెన్‌డ్రైవ్ మీదికి, కొత్త ఫైల్‌గా పోతాయి.

రీడింగ్‌లను మెమరీ మ్యాప్‌తో (ఫైల్‌ను మెమరీలా వాడుకునే పద్ధతి) రాస్తే ఎలా ఉంటుందో కూడా కాస్త చూశాను. అక్కడ డిస్కు నిండితే జవాబు రూపంలో ఏమీ రాదు, ప్రోగ్రామ్‌కు సిగ్‌బస్ సిగ్నల్ తగిలి కూలుతుంది. ఒక విలువను వేరియబుల్‌లో పెట్టే వరుస దగ్గర చావు వస్తే అక్కడ చెయ్యగలిగింది చాలా తక్కువ. వదిలేశాను.

ఇప్పటిదాకా: 31 గంటలు, 830 రూపాయలు (పెన్‌డ్రైవ్ 380), పరీక్షలు 21, దొరికిన లోపాలు 7.

మెట్టు 6: ఎర్రర్ చీటీ

ఇప్పుడు లాగ్‌లో ‘28’ అని పడితే ఆరు నెలల తరవాత నాకే అర్థం కావాలి. అందుకని తొడుగులు నంబరు ఒక్కటే కాకుండా ఒక చీటీ ఇచ్చేలా మార్చాను. అందులో అయిదు గళ్ళు:

1. ఏ పని (ఓపెన్, రైట్, ఎఫ్‌సింక్...)
2. దేనిమీద (పూర్తి ఫైల్ పేరు)
3. కెర్నెల్ నంబరు
4. ఎంతవరకు జరిగింది (42లో 20 బైట్లు, ఇలా)
5. తరగతి (మెట్టు 4లోని నాలుగింట్లో ఒకటి)

మొదటి మూడు గళ్ళు గో భాషలోని పాత్‌ఎర్రర్ చూసి పెట్టుకున్నవి. అది పని పేరు, ఫైల్ పేరు, కారణం ఎప్పుడూ కలిపే ఇస్తుంది. ఎర్రర్ ఎవరి చేతికి చేరినా ఏ ఫైల్ అన్నది పోదు.

మనుషులు చదివే వాక్యం చీటీలో ఉండాలా వద్దా అని చాలా ఆలోచించాను. ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్‌లో నంబర్లే లేవు, కెర్నెల్ వాక్యాన్నే ఇస్తుంది. మనిషికి అది ఎంతో మేలు. కానీ ఏ ఎర్రరో ప్రోగ్రామ్ తేల్చుకోవాలంటే వాక్యంలో మాటలు వెతకాలి, వాక్యంలో ఒక మాట మార్చినా ప్రోగ్రామ్ దారి తప్పుతుంది. నంబరు ఒక్కటే ఉంటే ఏమవుతుందో, డిస్కును సిస్టమ్‌కు తగిలించే మౌంట్ కమాండ్ చూపిస్తుంది. కెర్నెల్ 22 అని మాత్రం అంటే, ఆ కమాండ్ పాపం ‘ఫైల్ సిస్టమ్ రకం తప్పు, లేదా ఆప్షన్ తప్పు, లేదా సూపర్‌బ్లాక్ చెడింది, లేదా ఇంకేదో’ అని తనకు తోచినవన్నీ వరసపెట్టి చదువుతుంది.

రెండూ కావాలి, దేని పని దానిదే. లైనక్స్‌లోనూ ఇటే నడుస్తున్నారు. నెట్‌వర్క్ సెట్టింగులకు వాడే నెట్‌లింక్‌లో 4.12 నుంచి నంబరుతో పాటు వాక్యాన్నీ, పంపిన సందేశంలో ఏ ముక్క తప్పో దాని స్థానాన్నీ అడిగి తెచ్చుకోవచ్చు. 5.2లో వచ్చిన కొత్త మౌంట్ కాల్స్‌లో ఏం కుదరలేదో కెర్నెల్ రాసిన మాటలను ఆ పనికి తెరిచిన ఫైల్ నంబరు నుంచే చదువుకోవచ్చు. ఫైల్ రాతకు అలాంటి దారి ఇంకా లేదు.

అందుకని 28 వచ్చినప్పుడు నా తొడుగు వెంటనే పార్టిషన్‌ను అడిగి ఖాళీ బ్లాకులు ఎన్ని, ఖాళీ ఐనోడ్‌లు ఎన్ని అని చీటీ వెనక రాస్తుంది. ఇది ఊహే. నేను అడిగే లోపు వేరే ప్రోగ్రామ్ ఏదో చెరిపి ఉండొచ్చు, అప్పుడు అన్నీ ఖాళీగానే కనిపిస్తాయి. జరిగిన క్షణంలో కెర్నెల్ చెప్పడానికీ, జరిగాక నేను వాకబు చెయ్యడానికీ తేడా ఉంది. చీటీలో ఆ రెండు అంకెల పక్కన ‘తరవాత అడిగినది’ అని రాయించాను.

ఈ మెట్టులో దొరికిన లోపం చిన్నదే, కానీ దాంతో మొత్తం పనే వృథా అయ్యేది. చీటీలు రాసే ఫైల్ కూడా అదే పార్టిషన్‌లో ఉంది. డిస్కు నిండిందన్న చీటీ ఆ నిండిన డిస్కు మీదే రాయాలి. చీటీ తయారీలో మెమరీ అడగడం కూడా ఉంది, మెమరీ లేదన్న ఎర్రర్ చెప్పడానికి మెమరీ కావాలన్నమాట.

1. చీటీల కోసం 64 గళ్ళ స్థలం ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే కేటాయింపు.
2. చీటీలు ముందు ర్యామ్‌లోని ఫైల్‌లోకి, తరవాత పెన్‌డ్రైవ్‌కు.
3. మోటరు గది తలుపు మీద ఎర్ర ఎల్ఈడీ. తరగతి 2 అయితే రెండేసిసార్లు, 3 అయితే మూడేసిసార్లు, 4 అయితే ఆగకుండా వెలగాలి. తరగతి 1కి వెలగదు.

ఇప్పటిదాకా: 40 గంటలు, 890 రూపాయలు, పరీక్షలు 27, దొరికిన లోపాలు 8.

మెట్టు 7: 30 రోజుల పరుగు

రావాల్సిన వరుసలు: 43,200.
కార్డు మీద ఉన్నవి: 43,153.
పెన్‌డ్రైవ్ మీదికి మళ్ళినవి: 41.
లేనివి: 6. నాలుగు నిమిషాలు సెన్సర్ పలకలేదు, రెండు నిమిషాలు బోర్డు రీస్టార్ట్. ఆరింటికీ చీటీలున్నాయి.

ఆ 41 వరుసలు 22వ రోజువి. సాయంత్రం ఆరు దాటాక వాచ్‌మన్ ఫోన్ చేశాడు. “సార్, మోటరు గది తలుపు మీద ఎర్ర లైటు రెండు రెండుసార్లు కొట్టుకుంటోంది సార్” అన్నాడు. “ఆగకుండా వెలుగుతోందా, ఆగి ఆగి వెలుగుతోందా?” అని అడిగాను. “ఆగి ఆగి సార్, రెండేసిసార్లు.”

ఇంట్లోంచే బోర్డులోకి లాగిన్ అయ్యాను. చీటీ ఇలా ఉంది: పని రైట్, ఆ రోజు ఫైల్ పేరు, నంబరు 28, 42లో 0 బైట్లు, తరగతి 2, తరవాత అడిగినది: ఖాళీ బ్లాకులు 0, ఖాళీ ఐనోడ్‌లు 65,490. ఈసారి నిజంగానే స్థలం అయిపోయింది. అంతకుముందు రోజు పాత కార్డు బ్యాకప్‌ను నేనే ఆ పార్టిషన్‌లోకి కాపీ చేసి మరిచిపోయాను. అది తీసేశాను. మరుసటి నిమిషం వరుస కార్డు మీద పడింది, లైటు ఆరింది. 41 వరుసలను పెన్‌డ్రైవ్ నుంచి తెచ్చి వాటి చోట్లో చేర్చాను. కార్డు మార్చలేదు.

మొత్తం: 42 గంటలు, 890 రూపాయలు.